రేడియో దాటేసిన పేజీ

ఎదురింటావిడ పాలావిడతో అన్నదట. పాలావిడ కత్తెర వదినతో అన్నది. కత్తెర వదిన పొద్దున్నే పనిలోకి వస్తూనే, చెప్పులైనా విప్పకుండా, గదిలో అందరికీ వినబడేంత గుసగుసగా, అందరూ రేడియో అని పిలిచే ఆమె చెవిలో వేసింది.

"ఎవరితో అనకు. మీ అక్క రోజూ ఎండ రాగానే మేడెక్కుతోందంట. తల దువ్వుకుని, పెట్టెలో దాచిన మంచి బట్టలు కట్టుకుని మరీ. ఎక్కి ఏం చేస్తుందనుకున్నావు? ఏమీ చెయ్యదు. పిట్టగోడ పక్కన నిలబడి పైకి చూసి నవ్వుతుందంట, ఎవరో ఫొటో తీస్తున్నట్టు."

"నవ్వితే నవ్వనీ వదినా. దాని మొహం, దాని నవ్వు."

"నేనూ అదే అన్నాను. ఆ ఎదురింటావిడ ఊరుకుంటుందా? వెనక వీధి మేడ మీద పెళ్ళికాని కుర్రాడొకడు ఆ వేళకే బస్కీలు తీస్తాడంట. ఇటు నవ్వునీ అటు బస్కీలనీ ముడిపెట్టి, ఇద్దరికీ పెళ్ళి కూడా చేసేసింది."

"ఆవిడ నోట్లో మన్ను పడ" అంది రేడియో.

గాలివార్తకి కాళ్ళు ఎక్కువ, కళ్ళు తక్కువ. మేడెక్కడం నిజం. నవ్వడమూ నిజం. వెనక వీధి కుర్రాడు మాత్రం పాపం, ఈ కథలో లేని మనిషి. ఆ పిట్టగోడ పక్కన నిలబడ్డావిడకి వెనక వీధే కాదు, భూమ్మీద ఏ వీధీ పట్టదని చెప్పినా ఎదురింటావిడ నమ్మదు. మనం నమ్మాలంటే ముందు కాజాల గది సంగతి తెలియాలి.

పై అంతస్తులో మిషన్లు. బడిపిల్లల చొక్కాలు, ఆసుపత్రి గౌన్లు, హోటలు పనివాళ్ళ కోట్లు అక్కడ పుడతాయి. పుట్టిన బట్ట మెట్లు దిగి కింద గదికి వస్తుంది. ఇక్కడ దానికి కాజాలు తీస్తారు, గుండీలు కుడతారు, వేలాడే దారాలు కత్తిరిస్తారు, ఇస్త్రీ చేసి మడత పెడతారు. మిషన్ల రొద పైకప్పు దిగి రాదు. అందుకని ఈ గదిలో మాట వినబడుతుంది. వినబడే చోట మనుషులు ఊరకే ఉండలేరు కదా! ఒకప్పుడు గూట్లో నిజం రేడియో ఉండేది. అది గొంతు పోయి మూలపడ్డాక, గదంతా కూడబలుక్కుని ఒక పద్ధతి పెట్టుకుంది. ఒకరు పుస్తకం చదవాలి. చదివినంతసేపు ఆమె వంతు బట్టలు తలా ఒకటి తీసుకుని మిగతావాళ్ళు కుట్టెయ్యాలి.

ఆ ఒకరే రేడియో. చదువు డిగ్రీ దాకా వచ్చింది గానీ ఉద్యోగం సూది దాకానే వచ్చింది. గొంతు మాత్రం కంచుగంట. గూట్లో రేడియోకి ఉన్న పేరు ఆమెకొచ్చేసింది. మొగుడు కూడా ఇంట్లో అదే పేరుతో పిలుస్తాడు. కాకపోతే ఆ రేడియోకి కట్టేసే మీట ఉండేది, దీనికి లేదు అంటాడు.

రేడియోకి ఒక జబ్బుంది. కథలో ఎవరైనా చచ్చే చోటు వచ్చిందంటే నాలుకకి ముళ్ళు మొలుస్తాయి. నవలలో చంటిబిడ్డకి ఒళ్ళు వెచ్చబడితే చాలు, గభాలున పేజీలు తిప్పేసి, "తెల్లారేసరికి జ్వరం జారిపోయింది" అని సొంతంగా చదివేసేది. ఒకసారి ఒక నవలలో నదిలో మునిగిపోయిన పడవవాణ్ణి ఈదించి ఒడ్డుకి చేర్చింది. బాగానే ఉంది. తీరా చివరి అధ్యాయంలో వాడి పెళ్ళాం ఇంకొకణ్ణి కట్టుకుంది.

"మొగుడు బతికుండగానే?" అని గుండీల మామ్మ సూది పక్కన పెట్టేసింది. ఆ గదిలో అందరికన్నా పెద్దది ఆవిడ. పళ్ళు సగం పోయినా నోరు పోలేదు.

"అతను... ఒప్పుకున్నాడు మామ్మా."

"ఒప్పుకోక చస్తాడా? నువ్వే కదే చావనివ్వలేదు!"

గదంతా ఘొల్లుమంది. అప్పటినుంచీ రేడియో పేజీలు దాటేస్తుందని అందరికీ తెలుసు. తెలిసీ ఎవరూ అడ్డుపడరు. ఇళ్ళలో ఉన్నవి చాలవా, పుస్తకాల్లోవి కూడా మోయడానికి.

ఆ గదిలోనే కాజాలు తీసేది రేడియో వాళ్ళక్క. బట్టకి గాటు పెట్టి, అంచు పీచు లేవకుండా దారంతో చుట్టూ బిగించడం. ఆమె చేతి కాజా చూస్తే మిషనుకి సిగ్గేస్తుంది. పెళ్ళైన చాలా ఏళ్ళకి ఆమెకి ఒక ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండకుండా పుట్టింది, ఊపిరితిత్తులు సరిగా విచ్చుకోలేదు. చంటిది, చంటిది అంటూండగానే ఉన్న పేరు మరుగున పడిపోయింది. రెండో పుట్టినరోజు చూడకుండా వెళ్ళిపోయింది. అది జరిగి ఏడాది తిరగవస్తోంది. అప్పటినుంచీ అక్క నోట్లో మిగిలినవి నాలుగు మాటలు: దారం, ఇటివ్వు, చాలు, పోయొస్తా. ముద్ద నోట్లో పెడితే మింగేది, పెట్టకపోతే అడిగేది కాదు. బావ బస్సు నడుపుతాడు. దారిలో ఎవరు పలకరించినా "అలాగే ఉంది" అనేవాడు.

ఇలాంటి మనిషిని పక్కన పెట్టుకుని రేడియో ఏ నవల చదవగలదు? ప్రతి నవలలోనూ ఎక్కడో ఒక పిల్ల ఉంటుంది. పిల్ల నవ్వినా ముల్లే, ఏడ్చినా ముల్లే. అందుకని పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల కుప్ప దగ్గర కూర్చుని, అసలు మనుషులే లేని పుస్తకం కోసం వెతికింది. అట్ట చిరిగి, రాసినవాడి పేరు కూడా ఊడిపోయిన లావుపాటి పుస్తకమొకటి దొరికింది. ఆకాశం గురించి. నక్షత్రాలకి పిల్లలుండరు, జ్వరాలు రావు, పేజీలు దాటెయ్యాల్సిన పని పడదు అనుకుంది రేడియో. దాని తెలివి దానికి ముద్దు.

మొదటిరోజు ఎవరికీ నచ్చలేదు. "పెళ్ళికొడుకు లేని పుస్తకమేంటే?" అంది కత్తెర వదిన. ఆ రాసినాయన ఎవరో గానీ మర్మం తెలిసిన మనిషి. ఎదురుగా కూర్చుని, మోకాలి మీద చెయ్యేసి చెప్తున్నట్టే రాశాడు. శనిగ్రహాన్ని నీళ్ళలో వెయ్యగలిగితే మునగదు, తేలుతుంది అన్నాడు.

"అంత తొట్టి ఎక్కడిదే?" అంది మామ్మ.

"తొట్టి ఉందనుకుంటే, అన్నాడు మామ్మా."

"అనుకుంటే మా ఆయన కూడా బుద్ధిమంతుడే."

మన నెత్తుట్లో ఉన్న ఇనుము ఎప్పుడో ఒక నక్షత్రం కడుపులో తయారైందని మరో రోజు చదివింది. ఇస్త్రీ బాబాయి ఎత్తిన పెట్టె దించకుండా అలాగే ఉండిపోయాడు. ఆయన మాట్లాడటం అరుదు. పెట్టెని అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే ఇదీ నేనూ చుట్టాలమే" అన్నాడు. "అందుకేగా దాన్ని అంత వెచ్చగా చూసుకుంటావు" అని కత్తెర వదిన అందుకుంది. చంద్రుడు ఏడాదికి రెండు వేళ్ళ వెడల్పున మన నుంచి దూరం జరిగిపోతున్నాడని విన్ననాడు మాత్రం ఎవరూ నవ్వలేదు. "పాపం, వాణ్ణి ఎవరేమన్నారో" అంది మామ్మ.

చిత్రం ఏమిటంటే, అప్పటిదాకా పని అయ్యాక తల వంచుకుని బస్సెక్కే మనుషులు, వీధిలో ఆగి మెడలెత్తడం మొదలుపెట్టారు. సాయంత్రం పడమట ముందుగా వెలిగేది నక్షత్రం కాదు, శుక్రుడు అని మామ్మ బస్సులో పక్కవాళ్ళకి చెప్పి, కండక్టరుతో పందెం కూడా వేసింది. ఏళ్ళ తరబడి అదే ఆకాశం కింద పోయి వస్తున్నారు. ఉందని ఎవరో చెప్పాల్సి వచ్చింది.

అక్క మాత్రం తలెత్తలేదు. దారం, ఇటివ్వు, చాలు, పోయొస్తా.

వెలుగు అధ్యాయం వచ్చిన రోజు వాన పడేలా ఉంది. రేడియో చదువుతోంది. "మీ మీద పడిన వెలుగు అక్కడే ఉండిపోదు. చెదిరి అన్ని వైపులకీ పోతుంది. అందుకే పక్కవాళ్ళకి మీరు కనబడతారు. అందులో కొంత ఆకాశం వైపు వెళ్తుంది. వెళ్ళేది అలసిపోదు, వెనక్కి రాదు. గ్రహాలన్నిటినీ ఒక్క పూటలో దాటేస్తుంది. సూర్యుణ్ణి వదిలేస్తే మనకి దగ్గరి నక్షత్రాన్ని చేరడానికే దానికి నాలుగేళ్ళకు పైగా పడుతుంది. అక్కడొకరుండి, వాళ్ళకి చూడగలిగే కన్ను ఉంటే, కనబడేది ఇవాళ్టి మీరు కాదు, నాలుగేళ్ళ కిందటి మీరు."

"మళ్ళీ చదువు."

ఎవరన్నారో మొదట ఎవరికీ అర్థం కాలేదు. ఆ గొంతు విని అంతకాలమైంది మరి. అక్క సూది బట్టలో సగం దిగి ఆగిపోయి ఉంది.

రేడియో మళ్ళీ చదివింది.

"ఇది పుస్తకంలో ఉందా, నువ్వు కలిపావా?"

"ఉందక్కా. నీ మీద ఒట్టు. ఇదిగో చూడు."

అక్క లేచి వచ్చింది. చిన్నప్పుడు రెండో తరగతితో బడి మానేసిన మనిషి. వేలు పెట్టి, అక్షరం అక్షరం పట్టుకుని, 'నా-లు-గే-ళ్ళ' దాకా కూడబలుక్కుంది. తర్వాత వేలు తీసి, కిటికీలోంచి మబ్బుని చూస్తూ అడిగింది: "అంటే చంటిది ఇంకా వెళ్తూనే ఉంటుందా?"

ఇస్త్రీ బాబాయి పెట్టె పక్కన పెట్టి, "ఏడాదే కదమ్మా అయింది. మొదటి నక్షత్రం కూడా రాలేదింకా. దారిలోనే ఉంది" అన్నాడు.

"దారిలోనే ఉంది" అంది అక్క. ఆ మధ్యాహ్నం డబ్బా తెరిచి, తనంతట తాను తిన్నది.

ఆ తర్వాతి వారాల్లో అక్క ఒక్కో మెట్టు దిగి మనుషుల్లోకి వచ్చింది. మామ్మ పొద్దున్నే, "ఏమ్మా, మన పిల్ల ఎందాకా వెళ్ళుంటుంది?" అని అడిగేది, పొరుగూరు వెళ్ళిన మనిషిని గురించి అడిగినట్టు. అక్క ఉన్నంతలో లెక్కేసి చెప్పేది. ఆకాశంలో ఆ దారిన ఏమేం తగులుతాయో రేడియో పుస్తకం తిరగేసి చెప్పాలి. ఏమీ తగలవు, చాలా ఖాళీ, అని పుస్తకంలో ఉండేది. "మంచిదేలే, దుమ్ముండదు. దానికి దుమ్ము పడదు" అనేది అక్క. ఒకసారి కత్తెర వదిన వేళాకోళానికి నవ్వింది కూడా. బావ బస్సు ఆపి మరీ రేడియోతో, "ఏం మందు వేశావు మరదలా?" అన్నాడు. పుస్తకం అని చెబితే ఆయనకి అర్థం కాలేదు.

ఎదురింటావిడ కబురు వచ్చింది ఆ రోజుల్లోనే. మర్నాడు పొద్దున పనికి పోయేముందు రేడియో అక్క ఇంటికి వెళ్ళి, చప్పుడు చెయ్యకుండా మేడెక్కింది.

అక్క నిలబడి ఉంది. ఎదురింటావిడ చెప్పిందంతా నిజమే, మంచి బట్టలు, దువ్విన తల, పైకెత్తిన మొహం. నవ్వులో మాత్రం ఎదురింటావిడకి కనబడనిది ఒకటుంది. అది బడి గేటు దగ్గర నిలబడి, లోపలికి పోతున్న పిల్ల వెనక్కి తిరిగితే చూడ్డానికి తల్లులు సిద్ధంగా ఉంచుకునే నవ్వు.

"ఏంటక్కా ఇది? వీధి వీధంతా..."

"వీధికేం పని? ఉండు, కదలకు, నువ్వు కూడా పడతావు." కాసేపు ఆగి, తనే మొహం దించుకుంది. "ఎండలో అయితే బాగా పడతాను కదే. ఫొటో ఎండలో బాగా వస్తుందనరూ? అది ముందు పోతోంది. నేను వెనకాల నన్ను పంపిస్తున్నాను."

"అందుకోలేవు కదక్కా, రెండింటిదీ ఒకే వేగమాయె."

"అందుకోనక్కర్లేదు. ఒకే దారిలో ఉంటే చాలు. పిల్ల ముందు నడిస్తే తల్లి వెనక నడవదా?" తీగ మీద ఆరేసిన తువ్వాలు సర్దుతూ, "దానిదే కాస్త పల్చగా ఉంటుంది. దీపం వెలుగాయె. అయినా వెళ్తుందిలే. వెలుగు వెలుగే" అంది.

రేడియో మెట్లు దిగుతుంటే ఆ మాట కూడా వెంట దిగింది. దీపం వెలుగు.

ఆ ఆదివారం పొద్దున, గదికి మర్నాడు చదవాల్సింది ముందుగా ఒకసారి చూసుకుందామని రేడియో పొయ్యి పక్కన పుస్తకం తెరిచింది. ఆ మర్మం తెలిసిన పెద్దమనిషి తర్వాతి పేజీలోనే తన మాట సరిచేసుకున్నాడు. "అయితే ఒక్క సంగతి మరిచిపోకండి. ఇదంతా ఆరుబయట ఉన్నవాటి మాట. గదిలో వెలుగు గోడలకి తగిలి, అటూ ఇటూ చెదిరి, చివరికి పిసరంత వేడిగా మారి అక్కడే అయిపోతుంది. దీపం ఆర్పగానే గది చీకటైపోవడమే దానికి సాక్ష్యం. నాలుగు గోడల మధ్య జరిగింది నక్షత్రాల దాకా వెళ్ళదు."

పొయ్యి మీద ఉన్నది పొంగి మంట ఆరిపోయినా రేడియో చూసుకోలేదు.

చంటిది ఏనాడూ ఆరుబయట లేదు. పుట్టగానే ఆసుపత్రి అద్దాల పెట్టె. తర్వాత ఇల్లు. వీధి చివర రాళ్ళు కోసే మిల్లు దుమ్ము పడకూడదని ఆ గది కిటికీకి అట్ట బిగించారు. మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళినా, నిలువునా శాలువా చుట్టి, తలుపు దగ్గర పెట్టిన బండిలోకే. పోయిన రోజున కూడా ఒళ్ళంతా గుడ్డే.

అంత కట్టుదిట్టం ఎవరు పెట్టారు? ఆసుపత్రి వరండాలో డాక్టరు బావనీ రేడియోనీ పక్కకి పిలిచి, ఈ పిల్ల దక్కదు, మహా అయితే కొన్ని నెలలు, ఇంటికి తీసుకెళ్ళి మీకిష్టమైనట్టు చూసుకోండి అన్నాడు. ఆ మాట లోపల అద్దాల పెట్టె పక్కన కూర్చున్న తల్లి దాకా వచ్చేసరికి, "గాలీ దుమ్మూ తగలకుండా జాగ్రత్తగా చూసుకుంటే కోలుకుంటుందన్నాడక్కా" అయింది. అలా మార్చింది రేడియోనే. బావ తలాడించాడు. అక్క ఆ మాట పట్టుకుని, కన్నంత మాత్రాన సరిపోదని, కాపలా కాసింది.

మధ్యాహ్నం రేడియో బస్ డిపోకి వెళ్ళింది. బావ చక్రాల దగ్గర గొంతుక్కూర్చుని గాలి చూస్తున్నాడు. పుస్తకం తీసి పేజీ చూపించింది. ఆయన చదివి, చేతికంటిన మరక పేజీకి అంటకుండా జాగ్రత్తగా వెనక్కిచ్చాడు.

"చెప్పకు" అన్నాడు.

"ఎప్పటికైనా..."

"ఇప్పుడిప్పుడే మనిషైంది. నిన్న కూరలో ఉప్పు తక్కువైందని నన్ను తిట్టింది, తెలుసా? ఏడాది తర్వాత తిట్టింది మరదలా! చెప్పకు. నవలల్లో అంతమందిని బతికించావు, దీన్ని బతకనియ్యి."

ఆసుపత్రి వరండాలో కూడా ఆయన ఇలాగే చెప్పొద్దన్నాడు. అప్పుడు మాట వేరు, గొంతు ఇదే.

సోమవారం రేడియో చదవడానికి కూర్చుంది. ఆ పేజీ అంచు దాకా వచ్చి, రెండు వేళ్ళతో రెండు కాగితాలు కలిపి పట్టుకుని తిప్పేసింది. "ఇక తోకచుక్కల సంగతి చూద్దాం" అని మొదలుపెట్టింది. కొత్త కాగితమైతే చప్పుడుండేది కాదేమో. పాత పుస్తకం, బిరుసు కాగితం. ఫట్‌మంది.

గుండీల మామ్మ తలెత్తకుండానే అంది: "ఏమే, ఇందులో కూడా ఎవరైనా చచ్చారేంటే? పేజీలు దూకావు?"

గదంతా నవ్వింది. అలవాటైన వేళాకోళం. రేడియో కూడా నవ్వబోయింది, పెదాలు విచ్చుకోలేదు. నవ్వనిది ఇంకొకరు. అక్క చెల్లెలి మొహం కేసి చూసింది. అదే మొహాన్ని చిన్నప్పటినుంచీ కడిగి, దువ్వి, బడికి పంపిన మనిషి.

సాయంత్రం సంచీ సర్దుకుంటూ, "ఆ పుస్తకం ఒకసారి ఇవ్వు. ఇంటికి తీసుకెళ్తా" అంది.

"ఎందుకక్కా? నేను చదువుతాగా?"

"బొమ్మలు చూస్తా."

ఇవ్వనంటే అనుమానం, ఇస్తే ప్రమాదం. ఎలాగూ చదవలేదులే అనుకుని రేడియో ఇచ్చింది. మనిషికి ఎన్ని అక్షరాలు వచ్చో కాదు, ఆ అక్షరాల్లో వెతుక్కోవడానికి ఏం పోగొట్టుకుందో చూడాలి. అది చూడలేదు.

మర్నాడు అక్క పనికి రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. ఎదురింటావిడ పాలావిడతో, మేడ మీద ఎవరూ కనబడటం లేదని, ఆ బస్కీల కుర్రాడితో చెడిందేమోనని అన్నదట. కత్తెర వదిన ఈసారి ఆ మాట పాలావిడ నోట్లోనే ఆపి, "పాలు పొయ్యడానికొచ్చావా, నిప్పులు పొయ్యడానికా?" అని కసిరిందట.

మూడోనాడు అక్క వచ్చింది. మామూలు బట్టలు. తల దువ్వుకోలేదు. ఎప్పటిలా తన చోట కూర్చోకుండా తిన్నగా రేడియో దగ్గరికెళ్ళి, పుస్తకం ఒళ్ళో పెట్టి, ఒక చోట వేలు ఉంచింది.

"ఇక్కణ్ణుంచి చదువు."

"అక్కా..."

"నేను చదివింది తప్పేమో. రెండు రోజులు పట్టింది, మధ్యలో కొన్ని అక్షరాలు తెలియలేదు. నువ్వు చదువు. అందరూ వింటారు."

రేడియో చదివింది. ఒక్క మాట దాటెయ్యలేదు. గోడలకి తగిలి, పిసరంత వేడిగా మారి, అక్కడే అయిపోతుంది. నాలుగు గోడల మధ్య జరిగింది నక్షత్రాల దాకా వెళ్ళదు. కంచుగంట లాంటి గొంతు చిల్లుపడ్డ గిన్నెలా పలికింది.

పైనుంచి మిషన్ల రొద ఆ రోజు కిందికి వినబడింది.

కత్తెర వదిన ముందుగా తేరుకుంది. "ఇవన్నీ పుస్తకాల మాటలమ్మా. రాసినోడు వెళ్ళి చూసొచ్చాడా? ఎక్కడో ఒక సందులోంచి..."

"సందు లేదు" అంది అక్క. "అట్ట బాగానే కొట్టారు."

మామ్మ గుండీల పళ్ళెం పక్కకి జరిపి, "అమ్మా, నా నోరు మంచిది కాదు. నవ్వులాటకన్నాను" అంది. అక్క ఆవిడ భుజం మీద చెయ్యి వేసి తీసేసింది. కోపం లేదు ఆ చేతిలో.

"నీ మంచికే అక్కా" అంది రేడియో. కన్నీళ్ళు పుస్తకం మీద పడకుండా మొహం పక్కకి తిప్పుకుంది. "మాట్లాడుతున్నావు. తింటున్నావు. బావని తిట్టావంట కూడా. ఆకాశంలో ఆ వెలుగు ఉంటే ఏం, లేకపోతే ఏం, ఈ ఒక్క పేజీ నీకు తెలియకపోతే ఎవరికి నష్టమనుకున్నాను. నీ మంచికే దాటేశాను."

అక్క తన చోటికి వెళ్ళి కూర్చుంది. ముందున్న కుప్పలోంచి ఒక చిన్న చొక్కా లాక్కుంది. సూదిలోకి దారం ఎక్కించింది, మొదటిసారికే ఎక్కింది. అప్పుడు తలెత్తి, చెల్లెల్నే చూస్తూ, రోజూ దారం అడిగే గొంతుతోనే చెప్పింది:

"రాత్రి మీ బావని అడిగాను, నా దగ్గర ఇంకేం దాటేశారని. వరండాలో డాక్టరన్న మాట చెప్పాడు. ఆ రోజే నాకు చెప్పుంటే, ఉన్న నాలుగు నాళ్ళూ దాన్ని ఎండలో ఎత్తుకు తిరిగేదాన్ని కదే."